అడ్మిషన్ రోజు తెలుగు, టీసీ రోజు ఇంగ్లీషు

బెంగళూరు నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, యాజమాన్యాలకు ఒక స్టాఫ్ నర్సు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం.

పోయిన నెల మా వార్డులో పక్షవాతంతో ఒక పెద్దాయన చేరాడు. ఆయన పక్కన ఉండడానికి ఇంటివాళ్లు, హోం నర్సులను పంపే బ్యూరో నుంచి ఒక అమ్మాయిని పెట్టుకున్నారు. రాత్రి రెండున్నరకి నేను రౌండ్‌కి వెళ్లేసరికి ఆ అమ్మాయి ఆయన్ని పక్కకి తిప్పుతోంది. బ్యూరో పిల్లలు మామూలుగా చెయ్యి పట్టుకుని లాగేస్తారు. ఈ పిల్ల లాగలేదు. ముందు మంచం తలవైపు దించింది. యూరిన్ బ్యాగు గొట్టం ఎక్కడా చిక్కుకోకుండా సర్దింది. చచ్చుబడిన చేతిని ఛాతీ మీదికి చేర్చి, ఒక చెయ్యి భుజం కింద, ఇంకోటి తుంటి కింద పెట్టి ఒక్కసారిగా తిప్పింది. తిప్పాక ఫోన్ టార్చి వేసి వీపు మీద ఎక్కడైనా ఎర్రబడిందా అని చూసింది.

"ఎక్కడ నేర్చుకున్నావు పాపా?" అన్నాను.

"బీఎస్సీ నర్సింగ్ ఏడాదిన్నర చదివినానక్కా. పేపర్లు పోయినాయి."

ఏ కాలేజీ అంటే చెప్పింది. నేను ఫెయిలై బయటికొచ్చిన కాలేజీయే. మరి ఇంకెక్కడన్నా చేరొచ్చు కదా అన్నాను. "ఒకసారి నర్సింగ్‌లో ఫెయిలైనోళ్లు ఇంక యా నర్సింగ్ కోర్సులోనూ చేరకూడదంట కదక్కా, ఆఫీసులో చెప్పినారు" అంది.

2014లో అదే ఆఫీసులో నాకూ సరిగ్గా ఆ మాటే చెప్పారు. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి నేను ఏళ్లు పోగొట్టుకున్నాను. ఒక ముసలావిడ ప్రాణం మీదికి తెచ్చేదాన్ని కూడా. అందుకే ఈ లేఖ.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, 2012లో మా నాయనా నేనూ కదిరి నుంచి వచ్చి మెజెస్టిక్‌లో దిగి, సిటీ బస్సు పట్టుకుని మీలో ఒకరి ఆఫీసుకు చేరినప్పుడు అక్కడ అందరికీ తెలుగు వచ్చు. "రండి రండి, మనోళ్లే" అని కుర్చీ లాగి వేశారు. ఫీజు తెలుగులో చెప్పారు. హాస్టల్లో పప్పన్నం దొరుకుతుందని తెలుగులో చెప్పారు. నాలుగేళ్లయ్యాక గల్ఫ్‌లో వచ్చే జీతం కూడా తెలుగులోనే లెక్కగట్టి చూపించారు. మా నాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు టవల్లో మూటగట్టి తెచ్చాడు, తీసి బల్ల మీద పెట్టాడు. 2014లో టీసీ కోసం వెళ్లినప్పుడు అదే బల్ల, అదే మనిషి. కానీ ఆ రోజు ఆయనకు తెలుగు రాలేదు. "సారీ, యాజ్ పర్ రూల్స్" అని మొదలుపెట్టి ఇంగ్లీషులోనే ముగించాడు. మా నాయనకు అర్థమైనది 'బ్యాలెన్స్' అన్న ఒక్క ముక్క. మిగిలిన మూడేళ్ల ఫీజు కడితే తప్ప టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇవ్వమని దాని అర్థం. ఆఖర్న మేం లేచి గుమ్మం దాకా వచ్చాక, వెనక నుంచి నాకు మాత్రమే వినబడేలా తెలుగులో ఒక వాక్యం అన్నాడు: "నర్సింగ్‌లో ఫెయిలైనోళ్లను ఇంకెవరూ తీసుకోరమ్మా, వేరే ఏదన్నా చూసుకో."

నన్ను ఫెయిల్ చేశారని మీ మీద నాకు కోపం లేదు. ఇది ముందే చెప్పెయ్యాలి, లేకపోతే మీరు ఈ లేఖను అక్కసుతో రాసిందనుకుంటారు. మొదటి సంవత్సరం నాకు నాలుగు పేపర్లు పోయాయి. అనాటమీ ఫిజియాలజీ, న్యూట్రిషన్ బయోకెమిస్ట్రీ, నర్సింగ్ ఫౌండేషన్స్, మైక్రోబయాలజీ. సప్లీలో ఒకటి గట్టెక్కింది. మళ్లీ రాస్తే మిగిలిన మూడూ పోయాయి. రెండుకు మించి పోతే పై సంవత్సరానికి పంపకూడదన్నది అప్పటి నర్సింగ్ కౌన్సిల్ నియమం. థియరీలో 50 శాతం, ప్రాక్టికల్‌లో 50 శాతం విడివిడిగా తెచ్చుకోవాలన్నది కూడా మంచి నియమమే. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్లో బట్టీ. వైవాలో ఎగ్జామినర్ అడిగిన ప్రశ్నే అర్థం కాక నిలబడిపోయిన పిల్లను వార్డులోకి పంపడం తప్పు. 500 ఎంఎల్ సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే, ఎంఎల్‌కు 20 చుక్కలు పడే సెట్టుతో నిమిషానికి ఎన్ని చుక్కలు వదలాలి? 21. ఆ రోజు నాకు రాలేదు. రాని మనిషి చేతికి డ్రిప్ ఇవ్వకపోవడం మీ ధర్మం, మీరు చేశారు.

కానీ ఫెయిలైన పిల్ల గేటు దాటగానే మాయమైపోదు. మీరు ఆలోచించనిది అది.

నేను ఎక్కడికి పోయానో చెబుతాను. ఊరికి పోలేదు. అప్పు తెచ్చి పంపిన నాయన ముఖం, "ఏం మే, అప్పుడే నర్సమ్మవైపోయినావా" అనే చుట్టుపక్కలవాళ్లు, వీటికి భయపడి హాస్టల్ స్నేహితురాలి గదిలో పదిహేను రోజులు దాక్కున్నాను. ఆ అమ్మాయికి తెలిసిన బ్యూరో ఒకటి ఉంది. ఇళ్లకు హోం నర్సులను పంపే బ్యూరో. వాళ్లు అడిగింది ఒకే ప్రశ్న: "యూనిఫాం ఉందా?" ఉంది. మీరు కుట్టించిందే. మరుసటి రోజు అదే యూనిఫాంలో నన్ను జయనగర్‌లో ఒక ఇంటికి పంపారు. ఇంటివాళ్లకు నన్ను 'ట్రైన్డ్ నర్స్' అని పరిచయం చేశారు.

అక్కడ మంచాన పడ్డ ఒక అజ్జి, అంటే కన్నడంలో అవ్వ, ఉంది. నాకు నర్సింగ్ నేర్పింది ఆమే అని చెప్పాలి. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఏమవుతుందో పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకోలేకపోయాను. నేను చేరేటప్పటికే అజ్జి నడుము కింద పుండు పడి ఉంది, లోపల ఎముక తెలుస్తోంది. సేక్రమ్ అంటే అప్పటిదాకా నాకు అనాటమీలో ఒక బొమ్మ. అది వెన్నెముక కింద ఎక్కడుంటుందో, వెల్లకిలా పడుకున్న మనిషి బరువు ఎందుకు దాని మీదే పడుతుందో ఆ పుండు కడుగుతూ తెలుసుకున్నాను. ముక్కులోంచి వేసిన ట్యూబులో పాలు పోసేముందు తలవైపు ఎత్తి పెట్టాలి, సిరంజితో లాగి ట్యూబు కడుపులోనే ఉందని చూసుకోవాలి, తోసెయ్యకుండా దానంతటదే దిగనివ్వాలి, పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. ఇవన్నీ ఆ ఇంటికి వారానికోసారి డ్రెస్సింగ్‌కి వచ్చే అసలైన నర్సు ఒకావిడ చెప్పింది, మంగళూరు మనిషి. కన్నడం అజ్జి నేర్పింది. 'నోవు' అనేది ఆమె. మన నొప్పికి చుట్టమే కాబట్టి ఆ మాట త్వరగానే పట్టుబడింది.

ఇక తప్పు. అజ్జికి షుగర్. రోజూ ఇన్సులిన్ వాళ్లబ్బాయి వేసేవాడు. ఒకసారి ఆయన పది రోజులు ఊరెళుతూ "సిస్టర్, మీరే వెయ్యండి" అన్నాడు. నేను నర్సును కాదని చెప్పాలి. చెప్తే పని పోతుంది. తల ఊపాను. మందుల షాపులో సిరంజిలు అడిగితే నారింజ రంగు మూతవి ఇచ్చారు. అజ్జి వాడే సీసా ఎంఎల్‌కు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది ఎంఎల్‌కు 100 యూనిట్ల మందు కోసం చేసింది. ఆ తేడా ఉంటుందనే నాకు తెలియదు. 20 గీత దాకా లాగి 20 యూనిట్లు వేస్తున్నాననుకున్నాను. నిజానికి లోపలికి వెళ్లింది ఎనిమిది. నాలుగో రోజుకి అజ్జి షుగర్ మీటరులో దొరకనంత పైకి పోయింది. డ్రెస్సింగ్‌కి వచ్చినావిడ సిరంజి చూసి నెత్తి కొట్టుకుంది. "ఇదే తిరగబడి ఉంటే?" అంది. అంటే ఎర్ర మూత సిరంజితో 100 యూనిట్ల మందు అదే 20 గీత దాకా లాగి ఉంటే లోపలికి పోయేది 50 యూనిట్లు. అజ్జి తెల్లారి లేచేది కాదు.

ఆ రాత్రే ఇంటివాళ్లకు నిజం చెప్పాను. వాళ్లు తిట్టలేదు. లెక్క చూసి డబ్బిచ్చి పంపేశారు.

ఇప్పుడు చెప్పండి. నన్ను ఫెయిల్ చేసి మీరు కాపాడింది ఏ రోగిని? మీ ప్రాక్టికల్ హాల్లో ఉన్న ప్లాస్టిక్ బొమ్మను కాపాడారు. నేను మాత్రం మీరిచ్చిన యూనిఫాంలో, మీరు నేర్పిన అరకొర జ్ఞానంతో, ఇన్‌ఛార్జి సిస్టర్ లేని, డాక్టర్ లేని, అడగడానికి ఎవరూ లేని గదిలో సిరంజి పట్టుకున్నాను. ఈ ఊళ్లో ఇప్పుడు కూడా ఎన్ని ఇళ్లలో ఇలాంటి పిల్లలున్నారో నాకంటే బ్యూరోవాళ్లకే బాగా తెలుసు. వాళ్లంతా చెడ్డవాళ్లు కాదు. వాళ్లకు ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పలేదు, అంతే.

దారి నాకెలా దొరికిందంటే, మళ్లీ ఆ మంగళూరు ఆవిడ వల్లనే. "ఊరికెళ్లి ఏఎన్ఎం చెయ్యి, రెండేళ్లు, నీ భాషలో చెప్తారు" అంది. ఏఎన్ఎం అంటే పల్లెల్లో టీకాలు వేసే, గర్భిణులను చూసుకునే నర్సమ్మల కోర్సు. కాలేజీ వాడు చెప్పిన రూల్ సంగతి అడిగితే నవ్వింది. అలాంటి రూలే లేదు. ఏ కోర్సు అర్హత ఆ కోర్సుది. వాళ్లు చూసేది ఇంటర్ మార్కులు, వయసు, ఆరోగ్యం. ఇంకోచోట సప్లీలు మిగిలాయా అని ఎవరూ అడగరు.

ఒరిజినల్స్ విడిపించుకోవడానికి మా నాయన రెండు ఎద్దుల్లో ఒకదాన్ని అమ్మాడు. బేరమాడి మూడేళ్ల ఫీజును ఏడాది ఫీజుకు దింపాడు. శనక్కాయల మండీలో బేరమాడే మనిషి కాబట్టి దింపగలిగాడు. బేరమాడడం రాని నాయనల సంగతేమిటో.

ఏఎన్ఎం అంటే ఏదో కిందికి జారినట్టు మాట్లాడతారు మీ కాలేజీల్లో. నేను జారిన మాట నిజమే, కాని కాళ్లు నేలకు ఆనింది అక్కడే. మైక్రోబయాలజీ పేపరు పోయిన నేను, ఐస్ ప్యాకులు సర్దిన టీకాల క్యారియర్ భుజాన వేసుకుని సబ్‌సెంటర్‌కి నడిచాను. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఎందుకు ఉండాలో ఇక మర్చిపోవడం నా వల్ల కాదు. క్షయ రాకుండా వేసే బీసీజీ ఎడమ భుజం మీద చర్మం పొరలోకే వెయ్యాలి, పొక్కులా లేవాలి. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ ఆరు, పది, పద్నాలుగు వారాలకు తొడ కండలోకి. బుధ, శనివారాలు వచ్చాయంటే తల్లులు చంటిపిల్లలను ఎత్తుకుని అరుగు మీద కూర్చునేవాళ్లు. "నొప్పి లేకుండా వెయ్యి తల్లీ" అనేవాళ్లు. ఒక్క ముక్క ఇంగ్లీషు అవసరం రాలేదు. ఏడాది తిరక్కుండానే పాత ఇంగ్లీషు పుస్తకం తెరిచి చూస్తే అందులో ఉన్నవన్నీ నేను చేస్తున్న పనులే అని తెలిసింది. విషయం ముందు తెలిశాక దాని ఇంగ్లీషు పేరు నేర్చుకోవడం ఎంతసేపు?

తర్వాతే తెలిసింది, అసలు నేను ఏఎన్ఎం దాకా పోనక్కర్లేదని. నర్సు డిప్లొమా అయిన జీఎన్ఎంకి ఇంటర్‌లో 40 శాతం ఉంటే చాలు, 35 ఏళ్ల దాకా చేరొచ్చు. నా బైపీసీ మార్కులతో 2014లోనే నేరుగా చేరి ఉండొచ్చు. ఆ ఒక్క ముక్క ఆ కౌంటర్ దగ్గర ఎవరన్నా చెప్పి ఉంటే ఎంతో ముందే రిజిస్టర్డ్ నర్సునయ్యేదాన్ని. నేను చేరింది 2018లో, మళ్లీ ఈ ఊరికే వచ్చి. మధ్యలో కరోనా, సెలవులు, ఆన్‌లైన్ క్లాసులు. జీఎన్ఎంనే ఎత్తేస్తారట అని హాస్టల్లో వణుకు ఒకటి. క్లాసులో అందరూ పద్దెనిమిదేళ్ల పిల్లలు, నన్ను మొదటి రోజు మేడం అనుకుని లేచి నిలబడ్డారు. అనాటమీలో ఈసారి 68 వచ్చాయి. గొప్పేం కాదు గానీ ఆ మార్కుల కాగితం ఫ్రేమ్ కట్టించాలని మా నాయన పట్టుబట్టాడు. ఇప్పుడు నా పేరు కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉంది, రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని. ఇంకో రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేస్తే మీరు నాలుగేళ్లలో ఇవ్వాల్సిన ఆ బీఎస్సీ కూడా వస్తుంది. డబ్బు సర్దుబాటు చూసుకుంటున్నాను.

మా వార్డుకు అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు "ఇందులో ఏముంది మ్మా" అని అడగడానికి వాళ్లు తెలుగు సిస్టర్ కోసం వెతుకుతారు. ఆ పిల్లలను పంపేసి మీరు పోగొట్టుకుంటున్నది ఏమిటో ఆ వెతుకులాట చూస్తే తెలుస్తుంది.

ఇంతకీ మిమ్మల్ని అడుగుతున్నది పెద్దదేం కాదు. గ్రేస్ మార్కులు వద్దు. ఒక పిల్ల చదువు మానేస్తున్నానని వచ్చినా, మీరే పంపేస్తున్నా, ఆ రోజు ఆమెను, ఆమె తల్లిదండ్రులను కూర్చోబెట్టి, అడ్మిషన్ రోజు మాట్లాడిన భాషలోనే, ఒక పావుగంట మాట్లాడండి. ముందుగా, ఇక్కడే కొనసాగే వీలుందా అన్నది చెప్పండి. బీఎస్సీని ఎనిమిదేళ్ల లోపు పూర్తి చేయొచ్చని ఇప్పటి నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి తెలియక రెండు సప్లీలకే పెట్టె సర్దేసినవాళ్లు నాకు తెలుసు. అది కుదరదంటే జీఎన్ఎం మూడేళ్లు, ఏఎన్ఎం రెండేళ్లు అని చెప్పండి. ఏఎన్ఎం రిజిస్ట్రేషన్‌తో జీఎన్ఎంలోకి, జీఎన్ఎంతో పోస్ట్ బేసిక్‌లోకి మెట్లున్నాయని చెప్పండి. మీ దగ్గర చదివిన ఏడాది నాకైతే ఎక్కడా లెక్కలోకి రాలేదు, మళ్లీ మొదటి నుంచే చదివాను. ఆ చేదు కూడా దాచకుండా చెప్పండి.

ఏది దారి కాదో మరీ గట్టిగా చెప్పండి. ఆరు నెలల్లో నర్సింగ్ డిప్లొమా అని బస్టాండు గోడల మీద అంటించే కాగితాలతో కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరెక్కదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు మంచిదే, నేరుగా పని నేర్పుతుంది, కాని చేసినవాళ్లు అసిస్టెంట్లే, నర్సులు కారు. 1947 నాటి కౌన్సిల్ చట్టమైనా, దాని స్థానంలో తెచ్చిన 2023 కమిషన్ చట్టమైనా రిజిస్టర్‌లో పేరు ఉన్నవాళ్లనే నర్సులంటుంది. ఆ యూనిఫాం వేసుకుని ఎవరింట్లోనూ సిరంజి ముట్టుకోవద్దని మీ నోటితో చెప్పి పంపండి. నాకు ఎవరూ చెప్పలేదు.

ఒరిజినల్స్ సంగతి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ రోజు ఒరిజినల్స్ చూసి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్యాలి. పట్టుకుని కూర్చోకూడదు. మీకు ఫీజు బాకీ ఉంటే దాన్ని వసూలు చేసుకునే మార్గాలు వేరే ఉన్నాయి. టెన్త్ మార్కుల జాబితాను తాకట్టు వస్తువును చేయకండి. టీసీ, మైగ్రేషన్, కండక్ట్ సర్టిఫికెట్లు, ఈ మూడూ ఒకే రోజు చేతికిస్తే ఆ పిల్లకు ఒక విద్యా సంవత్సరం మిగులుతుంది. అడ్మిషన్లు మూసేశాక ఇచ్చే టీసీ చిత్తుకాగితంతో సమానం.

మీలో కొందరు ఇది చదివి, "ఇవన్నీ మా పని కాదు, ఏజెంట్లు ఉన్నారు" అనుకోవచ్చు. ఏజెంటు అడ్మిషన్‌కి కమీషన్ తీసుకుంటాడు. బయటికి పంపేటప్పుడు కమీషన్ రాదు కాబట్టి ఫోనెత్తడు. 2014లో మా నాయన ఆయనకు పదకొండుసార్లు చేశాడు.

మా వార్డులో కనబడిన అమ్మాయికి ఇప్పుడు ఇరవై ఏళ్లు. ఇంటర్‌లో మార్కులు నాకంటే మంచివి. ఒరిజినల్స్ మీలో ఒకరి బీరువాలో ఉన్నాయి. జీఎన్ఎం అప్లికేషన్ ఎలా పెట్టాలో ఇద్దరం కూర్చుని ఒక కాగితం మీద తెలుగులో రాసుకున్నాం. ఆ పెద్దాయన డిశ్చార్జి అయ్యాడు, వీపు మీద ఒక్క పుండు లేకుండా.

వచ్చే సోమవారం ఉదయం పదిన్నరకి ఆ అమ్మాయి మీ ఆఫీసుకు వస్తుంది. వాళ్ల నాయన గోరంట్ల నుంచి వస్తున్నాడు. నైట్ డ్యూటీ దిగి నేనూ వస్తాను. కౌంటర్ దగ్గర తెలుగు వచ్చిన మనిషిని కూర్చోబెట్టండి.

ఇట్లు,
మీ పాత విద్యార్థిని,
ఇప్పుడు స్టాఫ్ నర్సు, బెంగళూరు